ఇరవై గజాల చోటు: అడవి టర్కీ కోడిని వెతికే విల్లు వేటగాడి పాఠం

అమెరికాలో ఏప్రిల్ నెల. గాలి ఆడని వేకువలో అడవి టర్కీ పుంజు చెట్టు కొమ్మ మీద నుంచి అరిస్తే దాదాపు మైలు దూరం దాకా వినిపిస్తుంది. ఆ అరుపు విన్న కొత్త వేటగాడు చోటు దొరికిందనే అనుకుంటాడు. చేతిలో షాట్‌గన్ ఉంటే కొంతవరకు నిజమే, దానికి 40 గజాల దూరం అందుతుంది. విల్లు కొత్తగా పట్టినవారికి మాత్రం 20 గజాలు దాటవద్దని చెబుతారు. పుంజు 8 నుంచి 10 కిలోలు తూగినా, కంటికి కనిపించే ఆకారంలో చాలా భాగం ఈకలే. గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు పిడికిలంత. బాణం అక్కడ తగలకపోతే పక్షి గాయంతోనే ఎగిరిపోయి, ఎవరికీ దొరకని చోట చస్తుంది. అందుకే విల్లు వేటగాడికి ‘చోటు’ అంటే ఫలానా అడవి కాదు. ఆ అడవిలో పక్షి తనంతట తాను నడిచి వచ్చే 20 గజాల నేల. దాన్ని కనుక్కోవడంలో విలువిద్య కన్నా జీవావరణ శాస్త్రమే ఎక్కువ.

మన దేశంలో ఈ ప్రశ్నే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పైగా అడవి టర్కీ ఇక్కడి పక్షి కాదు, మన దగ్గర కనిపించేవన్నీ పెంపుడువే. అయినా మనకు పూర్తిగా కొత్తదీ కాదు. 1612లో గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీని చూసి ఆశ్చర్యపోయిన జహంగీర్ చక్రవర్తి దాని బొమ్మ వేయించాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన ఆ చిత్రం ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మన నెమలి, అడవి కోడి, టర్కీ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. పొలం గట్ల మీద నెమలిని గమనించినవారికి ఈ పక్షి దినచర్య సగం తెలిసినట్టే.

అమెరికాలో కూడా ఈ పక్షి ఒకప్పుడు దాదాపు అంతరించే దశకు చేరింది. అడవుల నరికివేత, అడ్డూ అదుపూ లేని వేట కలిసి 1930ల నాటికి దేశమంతటా రెండు లక్షల లోపే మిగిల్చాయని అంచనా. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1851 తర్వాత ఒక్కటీ మిగల్లేదు. ఫారాల్లో పెంచిన కోళ్లను అడవుల్లో వదిలి చూశారు, అవి బతకలేదు. నక్కను చూసి ఎటు పారిపోవాలో, ఏ చెట్టెక్కి పడుకోవాలో నేర్పే అడవి తల్లి వాటికి లేదు మరి. 1950లలో ఫిరంగి వల వచ్చాక కథ మారింది. మేతకు వచ్చిన అడవి పక్షుల మీదికి చిన్న తూటాల బలంతో వల విసిరి, వాటిని బతికుండగానే పట్టి మరో అడవికి చేర్చడం మొదలైంది. మసాచుసెట్స్‌కు 1972–73లో న్యూయార్క్ నుంచి తెచ్చినవి 37 పక్షులే. ఇప్పుడు అక్కడ 30 వేలకు పైగా ఉన్నాయి. దేశం మొత్తం మీద 60 లక్షల స్థాయిలో ఉంటాయి. ఈ పునరుద్ధరణకు డబ్బులో పెద్ద భాగం వేటగాళ్ల లైసెన్సు రుసుముల నుంచి, 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలైన పన్ను నుంచి వచ్చింది. విల్లంబులను కూడా 1970లలో ఈ పన్ను కిందకు తెచ్చారు.

నేల ఎవరిది?

చోటు వెతుకులాట పటం మీదే మొదలవుతుంది. అమెరికా చట్టం ప్రకారం అడవి పక్షి ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త. అది తిరిగే నేలకు మాత్రం వేరే యజమాని ఉండవచ్చు. జాతీయ అడవులు సుమారు 19 కోట్ల ఎకరాలు, భూ నిర్వహణ బ్యూరో కింద మరో 24 కోట్ల ఎకరాలు ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల్లోనే ఉంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో దాదాపు 95 శాతం నేల ప్రైవేటుది. అక్కడ చెట్టు మొదలుకు, కంచె గుంజకు ఊదా రంగు గీత కనిపిస్తే అనుమతి లేకుండా లోపలికి రావద్దని అర్థం. బోర్డు లేకపోయినా చట్టం ముందు ఆ గీత చెల్లుతుంది. ఏటా తీసుకునే ప్రభుత్వ వేట పర్మిట్‌తో దాదాపు పది లక్షల ఎకరాల్లోకి వెళ్లే వీలు టెక్సస్ వన్యప్రాణి శాఖ కల్పిస్తోంది. కాన్సస్ మరో దారి ఎంచుకుంది. 1995 నుంచి ప్రభుత్వమే రైతులకు కౌలు చెల్లించి, వారి భూముల్లోకి వేటగాళ్లు నడిచి వెళ్లేలా ఏర్పాటు చేసింది.

విల్లు వేటగాడికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఊళ్ల అంచున, ఇళ్లకు దగ్గరగా ఉన్న కొన్ని అటవీ ఖండాల్లో తుపాకీ నిషిద్ధం, విల్లుకు మాత్రం అనుమతి ఉంటుంది. అటువంటి చోట పోటీ తక్కువ. తుపాకీ మోత లేనందువల్ల పక్షులకూ బెదురు తక్కువే. మరీ దూరపు కొండల గురించి కలలు కనే ముందు ఈ చిన్న ఖండాలను చూడటం మేలని నా అభిప్రాయం. రాష్ట్రానికో నియమం, జిల్లాకో తేదీ ఉంటాయి కాబట్టి ఆ ఏటి నిబంధనల పుస్తకం ముందుగా చదవాలి. చాలా రాష్ట్రాల్లో వేట భద్రతా శిక్షణ కూడా తప్పనిసరి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారందరికీ ఇది వర్తిస్తుంది.

పక్షులు ఏ ప్రాంతంలో ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ-బర్డ్ బాగా పనికొస్తుంది. మన పక్షి వీక్షకులు కూడా రోజూ వాడే ఈ వేదికలో ఏ నెలలో, ఎక్కడ టర్కీలు కనిపించాయో చూడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. జనవరిలో వంద పక్షులు కనిపించిన చోటు ఏప్రిల్‌లో ఖాళీగా ఉండవచ్చు. చలికాలంలో పెద్ద మందలుగా ఉండే టర్కీలు వసంతం రాగానే చీలిపోతాయి. పెట్టలు గూడు చోటు వెతుక్కుంటూ కొన్ని మైళ్ల దూరం వెళతాయి, వాటి వెనకే పుంజులూ వెళతాయి. చలికాలపు సమాచారాన్ని నమ్ముకుని మాటు వేసినవారు ఖాళీ చేతులతో తిరిగి రావడానికి ముఖ్య కారణం ఇదే.

పక్షి రోజు ఎలా గడుస్తుంది?

టర్కీ రాత్రి నేల మీద పడుకోదు. చీకటి పడే వేళకు పెద్ద చెట్టెక్కుతుంది. తూర్పు అడవుల్లో అలాంటి చెట్లు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఇవాళ ఒకటి, రేపు మరొకటి. టెక్సస్, ఓక్లహోమా మైదానాల్లో అలా కాదు. ఎత్తయిన చెట్లు ఏటి ఒడ్డున మాత్రమే ఉంటాయి. కాటన్‌వుడ్, పెకాన్ చెట్ల వరసల్లోనే పక్షులు మళ్లీ మళ్లీ వాలుతాయి. అందువల్ల మైదానాల్లో వెతకడం సులువు, ఉపగ్రహ చిత్రంలో నీటి వెంట పెద్ద చెట్లు ఎక్కడున్నాయో చూస్తే చాలు. అయితే ఆ చెట్ల కిందనే కూర్చోకూడదు. నిద్రించే చోట బెదిరిన మంద ఆ ప్రాంతాన్నే వదిలేయవచ్చు.

తెల్లవారగానే కిందికి దిగిన పుంజు పెట్టల కంట పడేలా తెరిపి నేలకు వస్తుంది. పచ్చిక బయలు, పాత దుంగల బాట, గుట్ట మీది చదును వంటి చోట్ల పురి విప్పి, రెక్కలు నేలకు రాస్తూ తిరుగుతుంది. ఆ తర్వాత మేత వేళ. తూర్పు అడవుల్లో రాలిన ఓక్ కాయలు, గడ్డి గింజలు, లేత చిగుళ్లు, పురుగులు తింటుంది. అటవీ శాఖ పథకం ప్రకారం మంట పెట్టిన పైన్ అడవుల్లో కొత్త గడ్డి మొలుస్తుంది, పురుగులు పెరుగుతాయి. కాబట్టి ఇటీవల కాలిన ఖండం ఏదో అటవీ శాఖ నుంచి తెలుసుకోవడం సగం పని తప్పిస్తుంది. పెట్ట రోజుకొకటి చొప్పున 10 నుంచి 12 గుడ్లు పెట్టి, సుమారు 28 రోజులు పొదుగుతుంది. పెట్టలు గూళ్లకు చేరిన తర్వాత పుంజులు ఒంటరివవుతాయి. పొద్దున 9, 10 గంటల ప్రాంతంలో పెట్ట పిలుపును అనుకరిస్తే పలికేది అప్పుడే. తెల్లవారుజామునే అంతా అయిపోయిందని ఇంటికి వెళ్లిపోయే కొత్తవారు ఈ వేళను పోగొట్టుకుంటారు.

రాత్రి చెట్టుకూ తెరిపి నేలకూ, అక్కడి నుంచి మేతకూ మధ్య పక్షి నడిచే బాట ఉంటుంది. మనం వెతికే 20 గజాలు ఈ బాటలోనే ఎక్కడో ఉన్నాయి. దాన్ని నేలే చెబుతుంది. ఎండుటాకులను కాళ్లతో వెనక్కి కెలికి, కింది మట్టి బయటపడిన మచ్చలు ఇక్కడ మేసిందని చెబుతాయి. తడి ఆరని కెలుకుడు ఇవాళ్టిది. రెట్టను బట్టి కూడా పోల్చవచ్చు. పుంజుది ఒక కొస వంగిన కర్రలా, పెట్టది చుట్ట చుట్టిన ముద్దలా ఉంటుంది. రొమ్ము ఈక అంచు నల్లగా ఉంటే పుంజుది, లేత గోధుమ రంగులో ఉంటే పెట్టది. పొడి నేలలో గిన్నెలాంటి గుంటలు దుమ్ము స్నానం చేసిన చోట్లు. వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకమైనది ఇసుక బాట మీద అడుగుజాడలకు అటూ ఇటూ కనిపించే సన్నని గీతలు. అవి పురి విప్పిన పుంజు రెక్కల కొసలు గీసినవి. రోజూ కొత్తగా పడుతుంటే పుంజు ప్రదర్శనకు ఎంచుకున్న వేదిక అదే.

కూర్చునే చోటు

టర్కీకి వాసన పట్టే శక్తి చాలా తక్కువ. జింక వేటగాడిలా గాలి వాటం చూసుకునే పని లేదు. కళ్లు మాత్రం అసాధారణం. తల తిప్పకుండానే తన చుట్టూ మూడొంతులు చూస్తుంది, రంగులు చూస్తుంది, చిన్న కదలికనైనా పసిగడుతుంది. తుపాకీ ముందే గురిపెట్టి ఉంచుకోవచ్చు. విల్లు మాత్రం పక్షి దగ్గరకొచ్చాకే లాగాలి, ఆ కదలికే వేటగాణ్ణి పట్టిస్తుంది. అందుకే లోపల నల్లగా ఉండే చిన్న మాటు గుడారం కొత్తవారికి బాగా ఉపకరిస్తుంది. నిశ్చలంగా ఉన్న గుడారాన్ని ఈ పక్షి సాధారణంగా పట్టించుకోదు. దానికి 7 నుంచి 10 గజాల దూరంలో బొమ్మ పెట్టను నిలబెడతారు. మన పాత వేటగాళ్లు ‘దీమం’ అన్నది ఇలాంటి ఎర పక్షినే. పురి విప్పిన పుంజు వెనక్కి తిరిగినప్పుడు దాని తోకే దానికి అడ్డు తెర అవుతుంది. విల్లు లాగడానికి అదే అదను.

భద్రత కూడా చోటు ఎంపికలో భాగమే. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆ రంగులు ఒంటి మీద ఉంటే మరో వేటగాడు పొరబడి కాల్చే ప్రమాదం ఉంది. ప్రభుత్వ భూమిలో పుంజు అరుపు వినిపించిన వైపు పాకుతూ వెళ్లకూడదు. అక్కడ అరిచింది పక్షి కాకుండా దాన్ని పిలుస్తున్న మనిషి కావచ్చు. గుడారం లేకుంటే భుజాల కన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి.

ఆగ్నేయ రాష్ట్రాల్లో కొన్ని చోట్ల టర్కీల సంఖ్య మళ్లీ తగ్గుతోంది. పెట్టలు జత కట్టడం పూర్తికాక ముందే పుంజులను తీసేయడం ఎంతవరకు కారణమన్నది శాస్త్రవేత్తల మధ్య చర్చ. కొన్ని రాష్ట్రాలు వసంత వేటను ఆలస్యంగా మొదలుపెడుతున్నాయి, మరికొన్ని ఒక్కొక్కరికి అనుమతించే పక్షుల సంఖ్య తగ్గించాయి. చోటు వెతుకుతూ నడిచేటప్పుడు పొద మొదట్లో గుడ్ల మీద కదలకుండా కూర్చున్న పెట్ట ఎదురుపడవచ్చు. ఫోటో కోసం ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. బెదిరి లేచిన పెట్ట, ముఖ్యంగా పొదగడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, మళ్లీ గూటికి రాకపోవచ్చు. ఆ ఖండాన్ని ఆ ఏడాదికి పటంలో కొట్టేసి, వాగుకు అవతలి ఒడ్డున వెతకాలి.