నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను

ఇంటర్ చదివే రోజుల్లో నలుగురిలో నోరు విప్పాలంటే నాకు వణుకు. లెక్చరర్ లేపి అడిగితే, జవాబు వచ్చినా గొంతు పెగిలేది కాదు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులకు ఇంట్లోవాళ్ళు కట్టిన డబ్బు ఆ భయాన్ని పోగొట్టలేదు. దాన్ని కొంతైనా తగ్గించింది భవన నిర్మాణ కూలీల పిల్లలు. ఆదివారాలు వాళ్ళకు లెక్కలు చెప్పడానికి వెళ్ళేవాణ్ణి.

ఒక నాలుగో తరగతి పిల్లకు తీసివేతలు చెబుతున్నాను. 42లోంచి 17 తీసేయాలి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న నాలుగు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోమన్నాను, మా మాస్టారు నాకు నేర్పినట్టే. పెన్సిలు ఆపి, "అన్నా, ఆ అప్పు మళ్ళీ ఎప్పుడు కడతాం?" అంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీర్చడానికి ఊరొదిలి వచ్చిన కుటుంబం వాళ్ళది. నేను ఎంపీసీ. ఇంటిగ్రేషన్ లెక్కలు గబగబా చేసేవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "నాకు తెలియదమ్మా, కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తాను" అన్నాను.

అన్నాక చెప్పి తీరాలిగా! అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి తీసుకెళ్ళాను. నాలుగు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీయమన్నాను. మూడు కట్టలు, పన్నెండు విడి పుల్లలు అయ్యాయి. ఏడు పుల్లలు, ఒక కట్ట పక్కన పెట్టి, మిగిలినవి లెక్కబెట్టి "ఇరవై ఐదు" అంది. "మనం ఎవరి దగ్గరా తేలేదన్నా, మన కట్టే విప్పాం" అంటూ, పక్కనున్న పిల్లాడికి కూడా తనే చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి నాకు అలవాటైంది ప్రశ్నల నోటుబుక్కు. పిల్లలకు చదువు చెప్పాలనుకునే ప్రతి టీనేజర్‌కూ నేను ఇచ్చే సలహా ఇదే. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నను పిల్లలు అడిగిన మాటల్లోనే రాసుకో, సరిదిద్దకు. పక్కన వాళ్ళ పేరు రాయి. సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా? చంద్రుడు పగలు కూడా ఎందుకు కనిపిస్తాడు? ఇంటికొచ్చి వెతుకు, మాస్టార్లను అడుగు. దొరికిన జవాబును ఎనిమిదేళ్ళ పిల్లకు తెలిసిన మాటల్లో రాయి. అలా రాయలేకపోతే అది నీకూ అర్థం కాలేదన్నమాట. మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగిన పిల్లనే పిలిచి చెప్పు. "అర్థమైందా?" అని అడగకు, అందరూ తలూపుతారు. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అను.

నేర్పడం కోసం చదివేవాళ్ళు తమ కోసం చదివేవాళ్ళకన్నా ఎక్కువ శ్రమిస్తారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2009లో చూపించారట. నా మట్టుకు నాకు అంతకన్నా పెద్ద లాభం, తెలియదని సిగ్గుపడకుండా చెప్పగలగడం. కొత్తవాళ్ళ ముందు లేవాలంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. తెలియనిది అడిగితే తెలియదనొచ్చు కదా అనుకుని లేస్తాను.

ఇక కాస్త కోపంగానే చెప్పాలి. ఎన్ఎస్ఎస్‌లో చేరిన విద్యార్థులు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. విదేశాల్లో సీటుకు పనికొస్తుందని ప్రొఫైల్లో రాసుకునేవాళ్ళూ ఉన్నారు. గంటలు నింపుకోవడానికి వచ్చి, బిస్కెట్ ప్యాకెట్లు పంచి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు దిగి వెళ్ళిపోతే ఆ పిల్లలకేం ఒరిగింది? 2024 అసర్ సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. వాళ్ళకు కావలసింది పక్కన కూర్చుని, ఒత్తుల దగ్గర తడబడితే ఓపిగ్గా ఆగే మనిషి. పదో తరగతి పాసైన నీకు అది చేతకాని పనేం కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల్ని పనిలోంచి తప్పించి బడికి తెచ్చిందంటే, అందులో ఊళ్ళోని కుర్రకారు చేసింది చాలా ఉంది. ర్యాంకు రాలేదని నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు. లెక్క వెంటనే తట్టక అవస్థపడినవాడికే, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో త్వరగా కనబడుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇద్దరుగా వెళ్ళండి, పెద్దవాళ్ళ కంటికి ఆనేచోట కూర్చోండి. చెప్పిన వేళకు చేరండి. పిల్లల్ని పేరు పెట్టి పిలవండి. కొట్టొద్దు, ఒకళ్ళతో ఒకళ్ళను పోల్చొద్దు. తల్లిదండ్రులతో మాట్లాడండి. చాక్లెట్లు అలవాటు చేయకండి. మీ పరీక్షలు దగ్గరపడితే ఏయే ఆదివారాలు రాలేరో ముందే చెప్పి, మీ బదులు వచ్చే స్నేహితుణ్ణి ఒకసారి వెంట తీసుకెళ్ళి పరిచయం చేయండి. నోటుబుక్కు కూడా అతని చేతికివ్వండి, జవాబు బాకీ ఉన్న ప్రశ్నలు అందులో ఉంటాయి.