అన్నమయ్య పాట అందరిదీ, మరి బాణీ ఎవరిది?

మొన్న శ్రీరామనవమికి మా ఊరి చెక్కభజన వీడియో పెట్టాం కదా, చూసే ఉంటారు. అది పెట్టిన గంటలోపే మెయిల్ వచ్చింది. అందులో మూడో పాట మీద ఒక మ్యూజిక్ సంస్థకు హక్కు ఉందట, యాడ్స్ మీద వచ్చే డబ్బు వాళ్లకే వెళ్తుందట. ఆ పాట అన్నమయ్య కీర్తన. పాడింది మా పెదనాన్న. డెబ్బై దాటిన మనిషి. ఫోన్ చేసి సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా గురువు కాడ నేర్చుకుంటి గదప్పా, దానికి ఇంగొకరు యజమాని ఎట్లయితారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు దొరకలేదు. వెతుక్కుంటూ పోతే ఈ వారం పాఠం తయారైంది.

మాది కదిరి పక్కన పల్లె. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురం అని చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగాం. ఇక్కడ పాట బతుకు కూడా వాన మీదే. భజన గురువు ఊరికొచ్చి నెలల తరబడి ఉండి కుర్రాళ్లకు అడుగులు, పాటలు నేర్పేవాడు. ఇంటికింత అని ధాన్యం, చెనిక్కాయలు, కొంత డబ్బు పోగేసి ఇచ్చేవాళ్లు. పంట పండిన ఏడు కొత్త గజ్జెలు వచ్చేవి. ఎండిన ఏడు గురువు వచ్చేవాడు కాదు, సగం దళం బెంగళూరుకు కూలికి పోయేది. అప్పట్లో మ్యూజిక్ బిజినెస్ అంటే ఇంతే.

డబ్బుకీ పాటకీ పేచీ కొత్తదేం కాదు. ఈ నేల మీదే, పెనుకొండలో, సాళువ నరసింహరాయలు తన మీద కూడా ఒక పాట చెప్పమని అడిగితే అన్నమయ్య ఒప్పుకోలేదని, సంకెళ్లు వేయించాడని ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. ఈ కథ మనందరికీ తెలుసు. మనం అంతగా పట్టించుకోనిది దాని తర్వాతి సంగతి. వేల పాటలను రాగిరేకుల మీద చెక్కించారు. రాగి చవకైన లోహం కాదు, చెక్కేవాళ్లకు కూలి ఇవ్వాలి. అంటే ఆ కాలానికి అది ఖరీదైన రికార్డింగ్ టెక్నాలజీ అన్నమాట. కానీ దానికో లోపం ఉంది. రేకుల మీద సాహిత్యం ఉంది, పాట పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. 20వ శతాబ్దంలో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చేసరికి ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు.

మరి ఇవాళ మనం పాడుకుంటున్న బాణీలు ఎక్కడివి? చాలావాటికి ఈ మధ్యకాలంలో కట్టినవాళ్లున్నారు. వాళ్లలో ముందువరుసలో ఉన్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిది మా ఉమ్మడి అనంతపురం జిల్లానే, 1893లో రాళ్లపల్లి గ్రామంలో పుట్టారు. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తర్వాత తిరుపతి వచ్చి, రాగిరేకుల పాటలను పరిష్కరించి, వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు ఆ పని ఎంతో ముందుకు తీసుకెళ్లారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఒక పాటలో మూడు వేరువేరు ఆస్తులు ఉంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగ్. అన్నమయ్య మాటల మీద ఎవరికీ హక్కు లేదు, అవి అందరివీ. బాణీ అలా కాదు. మన కాపీరైట్ చట్టం కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు లెక్క వేస్తుంది. రాళ్లపల్లివారు 1979లో పోయారు కాబట్టి మామూలు లెక్కలో ఆయన బాణీలకు 2039 చివరి దాకా రక్షణ ఉంటుంది. రికార్డింగ్‌కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. "అన్నమయ్య కీర్తనే కదా, ఫ్రీ" అనుకుని కవర్ సాంగ్స్ పెట్టేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది గమనించండి. గుళ్లో పూజలో పాడితే చట్టమే మినహాయింపు ఇచ్చింది. వీడియో తీసి నెట్‌లో పెట్టడం దాంట్లోకి రాదు.

టెక్నాలజీ మారిన ప్రతిసారీ ఈ మూడు ఆస్తుల్లో ఏదో ఒకటి పైకి లేస్తుంది. గ్రామఫోన్ రోజుల్లో రికార్డు తీయగల కంపెనీలు కొన్నే, ఎవరు పాడాలో అవే తేల్చేవి. 1980లలో క్యాసెట్ వచ్చాక భక్తిపాట ప్రతి పల్లె కొట్లోకీ చేరింది, పాడినవాళ్లకు మాత్రం చాలావరకు ఒకసారి ఇచ్చిన డబ్బే. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వాటా వదులుకోలేని హక్కుగా రావడానికి 2012 చట్ట సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడేమో టీ సిరీస్ హనుమాన్ చాలీసా వీడియో ఒక్కటే 300 కోట్ల వ్యూస్ ఎప్పుడో దాటేసింది. మరో పక్క, ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు స్పాటిఫై రాయల్టీయే లెక్కగట్టదు. చిన్న పల్లె భజనదళం ఈ గీత కిందే ఉండిపోతుంది. భక్తి తక్కువై కాదు, లెక్క అలా రాసుకున్నారు.

సరే, మా పాట సంగతి. క్లెయిమ్ వివరాలు తెరిచి చూస్తే వాళ్లు అడిగింది రికార్డింగ్ మీద హక్కు. మనం వాడింది మన మైకులో పడిన పెదనాన్న గొంతు. ఆ మాటే రాసి డిస్ప్యూట్ వేశాను. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు. ఏమీ రాలేదు, క్లెయిమ్ దానంతట అదే పోయింది. దళమంతా సంబరపడ్డారు. నాకు మాత్రం ఒకటి మిగిలిపోయింది. ఆ సంస్థ రికార్డింగ్ కూడా విన్నాను. బాణీ దాదాపు మనదే! పెదనాన్నను అడిగాను, గురువుగారికి ఇది ఎక్కడ నుంచి వచ్చిందని. చాలాసేపు ఆలోచించి చెప్పాడు: "ఆయప్ప సంచిలో ఒక టేపురికార్డరు ఉండేదిలే. రాత్రిపూట చెవి కాడ పెట్టుకొని వినేటోడు."

అంటే గురువే క్యాసెట్ నుంచి నేర్చుకున్నాడా? లేక క్యాసెట్ వాళ్లే ఏ పల్లె భజనలోనో విని పట్టుకెళ్లారా? భజనలోకి సినిమా బాణీలు రావడం, సినిమాల్లోకి భజన బాణీలు పోవడం రెండూ మనం చూసినవే. అందుకే వీడియో కింద వివరణ మార్చాను. సాహిత్యం అన్నమాచార్యులు, బాణీ గురుముఖతః, మూలకర్త తెలియదు అని రాశాను. తెలిసినవారు చెబితే పేరు చేరుస్తాం, వాటా కూడా మాట్లాడుకుంటాం.

ఆ వీడియో మీద ఇప్పటిదాకా వచ్చింది కొత్త గజ్జెలకు కూడా చాలదు. అయినా పంచుకునే లెక్క ముందే కాగితం మీద ఉండాలని దళంలో పద్నాలుగు మంది పేర్లు రాసి పంపమన్నాను. పెదనాన్న పదిహేను పేర్లు పంపాడు. మొదటిది గురువుగారిది. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది, ఆ వాటా ఎవరికి పంపాలో కనుక్కోవడానికి వచ్చే ఆదివారం ఆయన ఊరికి వెళ్తున్నాం.