పేనుకొరుకుడు: పేనుకు సంబంధము లేని వ్యాధి

సూరత్తు నగరమున మరమగ్గములపై పనిచేయు తెలుగు నేతకుటుంబములు పెక్కు గలవు. తలపై రూపాయి బిళ్ళంత మేర వెండ్రుకలు రాలి నున్నబడినచో తెలుగువారు పేను కొరికినదందురు. గుజరాతీలు దానినే ఉందరీ అందురు; ఆ భాషలో ఉందర్ అనగా ఎలుక. పాపము, రెండును నిర్దోషులే!

దీనికి కారణము మన రక్తములోని తెల్లకణములు. సూక్ష్మజీవులతో పోరాడవలసిన టీ-లింఫోసైట్లు పొరపాటున వెండ్రుక కుదురును పరాయిదిగా నెంచి, తేనెటీగలవలె దానిచుట్టు మూగును. వెండ్రుక పలుచబడి రాలును. తరచుగా నల్లవెండ్రుకలే ముందు రాలి, నెరసినవి నిలుచును. అయినను కుదురు నశింపదు. అందువలన మచ్చలు కొద్దిగా నున్నవారిలో పెక్కుమందికి ఏడాదిలోపల జుట్టు మరల మొలచును. తొలుత తెల్లగా నుండవచ్చును.

ఇది దువ్వెనవలన గాని తలగడవలన గాని అంటదు. ఇందుకై బాలికను బడి మాన్పించుట, కుదిరిన పెండ్లిని తప్పించుట అన్యాయము. గురివింద గింజ నూరి రాయరాదు, అది విషము. పొట్టు రాలుచు దురద యున్నచో తామర కావచ్చును. అది మాత్రము అంటును. ఏది యేదో చర్మవైద్యుడు తేల్చవలెను.

చిన్న మచ్చలకు స్టెరాయిడ్ సూదిమందు నిత్తురు. వ్యాధి ముదిరిన పెద్దలకు బారిసిటినిబ్ మాత్రను 2022లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. అది ఆ కణముల నుసికొల్పు సంకేతమును అడ్డగించును. మానినచో జుట్టు మరల రాలవచ్చును.