కడుపులో పుండు: నొప్పి వేళను గమనించండి

కడుపులో మంట అని వచ్చిన రోగిని మా గురువుగారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "భోజనానికి ముందా, తరువాతా?"

నొప్పిని వేళను బట్టి గుర్తించే పద్ధతి మాధవ నిదానంలో ఉన్నది. ఆహారం జీర్ణమయ్యే సమయాన కలిగేది పరిణామశూల. తిన్నా, తినకున్నా విడువక బాధించేది అన్నద్రవశూల. ఆధునిక వైద్యం సైతం ఇటువంటి భేదాన్నే గమనించింది. ఆమాశయంలోని పుండు తిన్న కొద్దిసేపటికే బాధించవచ్చు. ఆంత్రమూలంలోని పుండు తిన్న 2, 3 గంటలకో, అర్ధరాత్రి వేళనో బాధించి, ఏదైనా తింటే తాత్కాలికంగా శాంతిస్తుంది. అయితే వేళ సూచన మాత్రమే. నిర్ధారణకు ఎండోస్కోపీ అవసరం.

కారం, దిగులు పుండుకు మూలమని చాలాకాలం భావించాము. అవి బాధను పెంచవచ్చును గాని, ముఖ్య కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దీనిని గుర్తించిన ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. రెండవది ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు.

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దావిడ కడుపుమంటతో నా వద్దకు వచ్చారు. శతావరి, అతిమధురం ఇచ్చాను. మంట తగ్గింది. మూడవ వారంలో ఆమె కోడలు వచ్చి, "అత్తయ్యకు విరేచనం తారులా నల్లగా అవుతోందండీ, కళ్ళు తిరుగుతున్నాయట" అన్నది. పుండు నుండి రక్తం పోతున్నదని గ్రహించి, తక్షణమే ఆసుపత్రికి పంపాను. రక్తం ఎక్కించారు, ప్రాణం దక్కింది. మోకాళ్ళ నొప్పులకు ఆమె రోజూ రెండు బిళ్ళలు మింగుతున్న సంగతి అప్పుడు తెలిసింది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నాదే. మంట తగ్గినంత మాత్రాన పుండు మానినట్లు కాదు.

కావున ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. వేళకు మితంగా భుజించండి. పొగాకు, మద్యం మానండి.

2. పాలు అప్పటికి హాయినిచ్చినా, తరువాత ఆమ్లాన్ని ఊరిస్తాయి. వాటినే మందుగా తలచవద్దు.

3. రక్తపోటు ఉన్నవారికి అతిమధురం హాని చేయవచ్చు; వైద్యుని అడగనిదే వాడరాదు.

4. పైలోరీ ఉన్నదని తేలితే యాంటీబయాటిక్ మందులను చెప్పినన్ని రోజులూ వాడాలి. వంటింటి చిట్కా వాటికి బదులు కాదు.

5. గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్‌ను స్వయంగా మానరాదు. కడుపుమంట సంగతి ఆ వైద్యునికే చెప్పండి.

6. నల్లని మలం, రక్తపు వాంతి, హఠాత్తుగా భరించరాని నొప్పి కనిపిస్తే మా వంటి వారి కోసం వేచి ఉండక ఆసుపత్రికి వెళ్ళండి.

మీ ఇంటి పెద్దలు మంట అన్నప్పుడు మజ్జిగ అందించే ముందు, వారి బిళ్ళల డబ్బాను ఒకసారి తెరచి చూడండి.