స్నానపుగది పథకము: నీటి దారితో మొదలు

ఇల్లు కట్టుకొనువారు వంటింటికి, పడకగదికి ఇచ్చినంత ఆలోచన స్నానపుగదికి ఇచ్చుట అరుదు. అన్నియు అమరిన పిమ్మట మిగిలిన మూల స్నానపుగది అగుచున్నది. దాని గుంత, మిగిలిన చోట త్రవ్వబడుచున్నది. కొన్నాళ్ళకు పెరటి నూతిలో నీరు చెడును. లేదా ప్రక్కయింటి బోరులో చెడును. అప్పుడు పుట్టిన తగవు పంచాయతీ ముందుకే వచ్చును. గోడలు లేచి, గుంత నిండిన పిమ్మట తీర్పు చెప్పుట కష్టము. కనుక పథకము కాగితము మీద నున్నపుడే సభ్యులు గమనించవలసిన విషయములను ఈ పాఠమున వివరింతుము.

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు కృష్ణాజిల్లా మెట్టభాగమునకు చెందినవి. 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. ఇచ్చటి పల్లెలలో పూర్వము స్నానమునకు పెరటిలో తాటాకుల దడి, ఒక నాపబండ, ప్రక్కన వేడినీళ్ళ కాగు ఉండెడివి. ఆ నీరు అరటిపాదునకో, చేమదుంపల మడికో పారెడిది. మరుగునకు మాత్రము చీకటివేళ పొలముగట్టుకు పోవలసి వచ్చెడిది. ఇందువలన స్త్రీలు పడిన ఇబ్బంది చెప్పనలవి కాదు. 2014 అక్టోబరు 2 న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ కార్యక్రమము క్రింద ఒక్కొక్క కుటుంబమునకు మరుగుదొడ్డి నిమిత్తము 12,000 రూపాయల ప్రోత్సాహకము లభించినది. మరుగుదొడ్డి ఇంటి ఆవరణలోనికి వచ్చినది. ఇది గొప్ప మేలు. అయితే ఒకప్పుడు ఊరి వెలుపల చెదరిపోయిన మలినము ఇప్పుడు ఇంటి ప్రక్కన ఒకే చోట చేరుచున్నది. దానిని ఎచ్చట, ఎట్లు ఉంచవలెనన్నదే పథకములో మొదటి ప్రశ్న.

మొదట కాగితముపై గుర్తించవలసినవి

ఇంటి స్థలమును కాగితముపై గీసి, దానిలో నాలుగు విషయములు గుర్తింపవలెను.

1. నూతులు, బోర్లు, చేతిపంపులు. మన స్థలములోనివే గాక ఇరుగుపొరుగు స్థలములలోనివి కూడ చూపవలెను. గుంత ఏ నీటివనరుకైనను 50 అడుగుల దూరమున నుండుట క్షేమకరము.

2. నేల వాలు. నూయి పల్లమున, గుంత మెరకన ఉండరాదు.

3. వర్షాకాలమున నూతిలో నీరు ఎంత పైకి వచ్చును. గుంత అడుగునకు, ఆ నీటిమట్టమునకు నడుమ కనీసము ఆరున్నర అడుగుల నేల మిగులవలెను. ఆ నేలయే మురుగునీటిని వడపోయును.

4. నేల స్వభావము. దీనిని గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది.

మన మెట్టనేలలు

ఎర్రనేలలో నీరు చక్కగా ఇంకును. సాధారణమైన గుంత చాలును. నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు. అది తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. అట్టి చోట గుంత కట్టుబడి చుట్టును ఒక అడుగు మందమున ఇసుక, కంకర లేక ఇటుకముక్కలు నింపవలెను.

జగ్గయ్యపేట వైపున సున్నపురాతి నేలలు గలవు. అక్కడి సిమెంటు కర్మాగారములకు ఆధారము ఆ రాయియే. ఇట్టి రాతిలో పగుళ్ళుండును. పగులులోనికి దిగిన మురుగునీరు వడపోత లేకయే చాలదూరము పోగలదు. కావున రాతి నేలలో 50 అడుగుల లెక్కను గ్రుడ్డిగా నమ్మరాదు. గుంత త్రవ్వునపుడు పగుళ్ళు కనిపించిన పని ఆపి, ఇంజనీరు సలహా పొందవలెను.

ఇక్కడ ఒక దురభిప్రాయమును తొలగింపవలసియున్నది. గుంత ఎంత లోతైన అంత మంచిదని, చాలకాలము నిండదని పలువురు తలచి సిమెంటు వరలను ఒకదాని క్రింద నొకటి దింపుచున్నారు. లోతు పెరిగిన కొలది గుంత అడుగు భూగర్భజలమునకు దగ్గర యగును. నిండని గుంతను చూచి యజమాని సంతోషించును. కాని అది నిండకపోవుటకు కారణము, మురుగు నేరుగా మనము త్రాగు నీటిలో కలియుటయే కావచ్చును.

రెండు గుంతల పద్ధతి

మేలైనది రెండు గుంతల పద్ధతి. ఒక్కొక్క గుంత మీటరు వెడల్పు, సుమారు మీటరు లోతు ఉండును. చుట్టును ఇటుకల నడుమ సందులు విడిచి కట్టుదురు. అడుగున సిమెంటు వేయరు. రెంటి నడుమ కనీసము మీటరు ఎడముండవలెను. ఐదారుగురు గల కుటుంబమునకు ఒక గుంత సుమారు మూడేండ్లు వచ్చును. అది నిండగానే దారి మళ్ళించి రెండవ దానిని వాడవలెను. మూసిన గుంతను రెండేండ్లు కదల్చకున్న, అందులోని పదార్థము రోగకారక క్రిములు నశించి, వాసన లేని ఎరువగును. ఆ ఎరువును పొలమునకు వాడవచ్చును.

ఒకే గుంత గాని, సెప్టిక్ ట్యాంకు గాని ఉన్నవారు దానిని తోడించుటకు మనిషిని లోనికి దింపరాదు. 2013 నాటి చట్టము దీనిని నిషేధించినది. ఆ గుంతలలోని విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. ఈ హెచ్చరికను గ్రామసభలో చాటవలెను.

రెండు నీళ్ళు, రెండు దారులు

స్నానపు నీరు మరుగుదొడ్డి గుంతలోనికి పోరాదు. 2019 లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ తలసరి దినమునకు 55 లీటర్ల నీరు లక్ష్యముగ పెట్టుకొన్నది. ఆ లెక్కన ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. ఇందులో చాలభాగము స్నానము, బట్టలు, అంట్లతో మురుగై బయటికి వచ్చును. ఇదంతయు గుంతలో చేరిన మూడేండ్ల గుంత త్వరలోనే పొంగును. మరుగుదొడ్డికి వాలెక్కువగల గ్రామీణపు బేసినును అమర్చిన రెండు లీటర్ల నీరు సరిపోవును. స్నానపు నీటిని పూర్వమువలె అరటిపాదునకో, కూరమడికో మళ్ళింపవలెను. పెరడు లేనివారు రాళ్ళు నింపిన ఇంకుడుగుంట ఏర్పరచుకొనవలెను.

గది అమరిక

నీటి దారి నిశ్చయమైన పిమ్మటనే గోడల మాట. స్నానమునకు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు. మరుగుదొడ్డికి మూడున్నర అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు చాలును. జనము ఎక్కువగల ఇంట రెండును వేరుగ నున్న ఒకరికై ఒకరు వేచియుండనక్కరలేదు.

నేల మట్టము వాన నీరు లోనికి రానంత ఎత్తున ఉండవలెను. నేల అడుగునకు పావు అంగుళము చొప్పున తూము వైపు వాలవలెను. తూము వాకిలికి ఎదుటి మూల నుంచిన, వాకిట తడి యుండదు. నున్నని పలకలు వృద్ధులకు ప్రమాదము. గరుకు పలకలు గాని, గరుకు చప్టా గాని మేలు. తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. లోపల ఎవరైన జారిపడినచో, లోనికి తెరచు తలుపునకు ఆ మనిషియే అడ్డు పడును. గోడకు పట్టుకొనుటకు ఒక కడ్డీ, పైన వెలుతురుకు గవాక్షము, వెలుపల చేతులు కడుగుకొనుటకు కుళాయి ఉండవలెను. నీళ్ళ గాబుకు మూత తప్పనిసరి. లేనిచో దోమలు పెరుగును.

ఏ మూలన కట్టవలెనని వాస్తు చూచుకొనువారితో మాకు వాదము లేదు. ఏ మూల నిర్ణయించినను, అచ్చటి నుండి నూతికి గల దూరము కొలువుడని మాత్రము కోరుచున్నాము.

సెంటున్నర స్థలమున ఎట్లు?

2020 డిసెంబరు 25 నుండి గ్రామములలో పేదలకు సెంటున్నర చొప్పున ఇండ్ల స్థలములు పంపిణీ అయినవి. సెంటున్నర యనగా సుమారు 650 చదరపు అడుగులు. ఉజ్జాయింపుగ 20 అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడవు. ఆ స్థలమున గుంతను ఒక చివర, బోరును మరొక చివర ఉంచినను 50 అడుగులు రాదు. పైగా తన గుంతకు దూరముగ వేసిన బోరు పొరుగువాని గుంతకు దగ్గర యగును. కావున ఇది ఒక్క కుటుంబము తీర్చుకొనగల చిక్కు కాదు. అట్టి కాలనీలో ఎవరికి వారు బోరు వేసికొనక, దూరముననున్న ఒక వనరు నుండి ఇంటింటికి కుళాయి నీరు తెచ్చుటయే మార్గము. గుంతలన్నియు ఒకే వరుసలో, నీటి గొట్టములు వేరొక వరుసలో వచ్చునట్లు పంచాయతీ ముందే నిర్ణయింపవలెను.

1992 నాటి 73 వ రాజ్యాంగ సవరణతో ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, పారిశుద్ధ్యము రెండును పంచాయతీల విషయములుగ పేర్కొనబడినవి. ఈ రెంటిని కలిపి చూడవలసిన బాధ్యత మనదే. మైలవరం కొండలలో పుట్టు బుడమేరు దిగువకు సాగి కొల్లేటిలో కలియును. 2024 సెప్టెంబరులో దానికి గండ్లు పడి విజయవాడలో అనేక పేటలు మునిగినవి. మన ఊరి కాలువలోనికి వదలిన మురుగు మన ఊరితో ఆగిపోదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామమున త్రాగునీటి నూతికి 50 అడుగుల లోపల ఎన్ని గుంతలు గలవు?

2. ఇంటి పథకములో పొరుగువారి బోర్లను కూడ చూపవలెనని మీ పంచాయతీ తీర్మానించినదా?

3. స్నానపు నీరు వీధిలోనికి వచ్చుచున్న ఇండ్లెన్ని? వానికి ఉమ్మడి ఇంకుడుగుంట ఎచ్చట వీలగును?

వచ్చు సమావేశమునకు ముందు సభ్యులు ఒక కొలటేపుతో ఒక్క వీధి నడచి చూచిన, ఈ ప్రశ్నలకు సమాధానము చాలవరకు దొరకును.