వెనక వరుస పిల్లలు ఎందుకు మాట్లాడరు? కొత్త టీచరు తన పాఠాన్ని తానే దిద్దుకోవడం ఎలా

భద్రాచలం ప్రాంతంలో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు బడిలో కొత్తగా చేరిన టీచరుకు మొదటి నెలలో కష్టమనిపించేది పిల్లల అల్లరి కాదు, వాళ్ల మౌనం. పాఠం చెప్పి అర్థమైందా అంటే అందరూ ఒక్క గొంతుతో "అయింది సార్" అంటారు. ఒక్కొక్కరినీ లేపి అడిగితే తల దించుకుంటారు. వీళ్లకు రాదు అని అప్పుడే తీర్పు చెప్పేయకండి. ఆ మౌనానికి కారణం ముందు మన పాఠంలో వెతకాలి. ఎలా వెతకాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

శిక్షణ అంటే జిల్లా కేంద్రంలో హాల్లో కూర్చుని వినేదని మనకు అలవాటైంది. నిష్ఠ, తొలిమెట్టు శిక్షణల్లో పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. కానీ మీ పిల్లలు ఆ హాల్లో ఉండరు. ఏడాదికి 50 గంటలు ప్రతి టీచరూ తన వృత్తి నేర్చుకోవడానికి కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అందులో సగమైనా మీ తరగతి గదిలోనే గడవాలన్నది నా అభిప్రాయం.

మొదటి అడుగు, ఒక చిన్న ప్రశ్న ఎంచుకోవడం. "పిల్లలు బాగా చదవాలి" అనేది కోరిక, ప్రశ్న కాదు. "ఈ రోజు మూడో తరగతిలో ఎంతమంది సొంతంగా ఒక వాక్యం చెప్పారు?" అనేది ప్రశ్న. దానికి లెక్క దొరుకుతుంది.

తర్వాత మూడు రోజులు ఆ లెక్క తీయండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో నోటుబుక్‌లో గీసుకుని, పిల్లాడు నోరు విప్పినప్పుడల్లా అతని పేరు దగ్గర ఒక చుక్క పెట్టండి. ఇంకేమీ మార్చొద్దు. చుక్కలు మీ బల్లకు దగ్గరగా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల చుట్టూ గుమిగూడితే మీకు దారి దొరికినట్టే.

మూడో అడుగు భాష. ఇక్కడ తొందర పనికిరాదు. ఇక్కడి పిల్లల ఇళ్లలో వినిపించే కోయ మాటలో నీళ్లను 'ఏరు' అంటారు. మన తెలుగులో ఏరు అంటే వాగు. పాఠంలో "ఏరు దాటాడు" అని వస్తే ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు ఏ బొమ్మ కనిపిస్తుందో ఊహించండి. తెలుగూ కోయా రెండూ ద్రావిడ భాషలే, అయినా కోయకు దగ్గర చుట్టం గోండి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవిలో గుంపులు వేసుకున్నవాళ్ల మాట భద్రాచలం కోయకు కూడా కొంత వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలైంది. అందులో కోయ ఒకటి. తెలుగు లిపిలో అచ్చయిన ఆ వాచకాలు మీ బడి బీరువాలో ఉన్నాయేమో ముందు చూడండి. లేకపోతే మీరే ఒక మాటల పుస్తకం మొదలుపెట్టండి. రోజుకు ఐదు మాటలు చాలు. అయిదో తరగతి పిల్లనో, అంగన్‌వాడీ ఆయమ్మనో అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి. పాఠమంతా అనువదించాల్సిన పని లేదు. ప్రశ్న వేశాక ఐదు నిమిషాలు పిల్లల్ని వాళ్ల మాటలోనే ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత తెలుగులో అడగండి. ఈ ఒక్క మార్పుతో చుక్కలు వెనక వరుసకు జరగడం మొదలవుతుంది.

ఇప్పుడు తోటి టీచరును కలుపుకోండి. జపాన్‌లో టీచర్లు ఒకే పాఠాన్ని కలిసి తయారు చేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు చూసి, తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నో దశాబ్దాలుగా ఉంది. మనకు ఇద్దరు చాలు. ఉదాహరణకు గుణకారం తీసుకోండి. తునికాకు కట్టకు 50 ఆకులు. ఎండాకాలంలో అమ్మ పక్కన కూర్చుని కట్టలు కట్టిన పిల్లలకు ఇది పుస్తకం చెప్పకముందే తెలుసు. "నాలుగు కట్టలకు ఎన్ని ఆకులు?" అని అడగబోతున్నారు. ప్రణాళికలో మీరేం చేస్తారో రాసేముందు పిల్లలేం చేయవచ్చో రాయండి. ఒకరు 50ని నాలుగుసార్లు కూడతారు. ఒకరు రెండు కట్టలు వంద, ఇంకో రెండు కట్టలు ఇంకో వంద అంటారు. ఒకరు సున్నా మరచి 20 అంటారు. ముగ్గురికీ మీరు వేసే తర్వాతి ప్రశ్న వేర్వేరుగా ఉండాలి.

చూడటానికి వచ్చిన టీచరు మిమ్మల్ని చూడకూడదు, ముగ్గురు పిల్లల్ని చూడాలి. వెనక కాకుండా పక్కన, ముఖాలు కనిపించేలా కూర్చోవాలి. పిల్లలకు సాయం చేయకుండా, వాళ్లు అన్నది అన్నట్టు రాయాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలలో తోడెవరు అంటారా? స్కూల్ కాంప్లెక్స్ హెడ్మాస్టరుతో మాట్లాడి నెలకో పూట పక్క గుంపు బడి టీచరును పిలిపించుకోండి. అదీ కుదరకపోతే మీ పాఠం 20 నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి మీ గొంతు మీరు వినండి. ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగారో లెక్కపెట్టండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టీచర్లు సగటున ఒక్క సెకను దాకానే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. ఇంటి భాషలో ఆలోచించి తెలుగులోకి తెచ్చుకోవాల్సిన పిల్లకు ఇంకా ఎక్కువ సమయం కావాలి.

పాఠమైన రోజు సాయంత్రమే మాట్లాడుకోండి. పాఠం చెప్పినవారు ముందు మాట్లాడాలి. "బాగా చెప్పారు మేడమ్" అనే మాట వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "ఆ అమ్మాయి కట్టల బొమ్మలు గీసింది కానీ అంకెలు రాయలేదు" అంటే పని మొదలవుతుంది. ఒక్కటే మార్చి, వారంలోపు మళ్లీ చెప్పండి.

కాలం కూడా చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. మార్చి నుంచి ఇప్పపువ్వు ఏరే రోజుల్లో హాజరు పడిపోతుంది. అందుకే ఈ పని దసరా తర్వాత మొదలుపెట్టడం మేలు.

ఇదంతా కొత్తదేమీ కాదు. బడులను గుంపులుగా కలిపి టీచర్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. స్థానిక పరిసరాలను పాఠంలోకి తెమ్మని, పిల్లల పని గోడకు పెట్టమని 1980లలో బ్రిటన్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) నేర్పింది. ఆనాటి టీచర్లు మీ చుట్టుపక్కల ఉంటే వెళ్లి అడగండి, చెబుతారు. ఈసారి కాంప్లెక్స్ మీటింగుకు వెళ్లేటప్పుడు మీ చుక్కల పేజీ వెంట తీసుకెళ్లండి. మీ వంతు వచ్చినప్పుడు దాన్ని బల్లమీద పెట్టి, మీ బడిలో ఇంకా నోరు విప్పని పిల్లల గురించి మాట్లాడండి.