గుర్రానికీ పంటి నొప్పి

గుర్రానికి కూడా పంటి నొప్పి వస్తుంది. ఈ మాట వింటే కొందరికి నవ్వు వస్తుంది. కానీ ఇది నవ్వే సంగతి కాదు. నోరు నొప్పి పెడితే గుర్రం మేత తినదు. మేత తినకపోతే బండి లాగదు. బండి కదలకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఒకప్పుడు మన ఊళ్ళలో రైలు దిగితే జట్కా బండ్లు కనిపించేవి. ఆటోలు వచ్చాక అవి తగ్గిపోయాయి. అయినా గుర్రాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. కొందరు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను పంపుతారు. మేత వేసే మనిషికి, లద్దె ఎత్తే మనిషికి గుర్రం జబ్బు ముందుగా తెలుస్తుంది. ఆ పని చేసేది చాలాసార్లు ఇంటి ఆడవాళ్ళే.

పెరిగే పళ్ళు

ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పళ్ళను బట్టి వయసు చెబుతారు. గుర్రానికీ అంతే. పిల్లగా ఉన్నప్పుడు 24 పాలపళ్ళు వస్తాయి. సుమారు 5 ఏళ్ళ వయసుకు అవి ఊడి, గట్టి పళ్ళు వస్తాయి. పెద్ద గుర్రానికి 36 నుంచి 44 దాకా పళ్ళు ఉంటాయి.

మన పళ్ళు ఒకసారి వచ్చాక పెరగవు. గుర్రం పళ్ళు అలా కాదు. అవి దవడలో లోతుగా దాగి ఉంటాయి. గడ్డి నమిలినకొద్దీ పైన అరుగుతాయి. ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున లోపలి నుంచి బయటికి వస్తూ ఉంటాయి.

గుర్రం నోరు తిరగలి లాంటిది. పక్కలకు తిప్పుతూ మేతను విసురుతుంది. కానీ దాని పై దవడ వెడల్పు. కింది దవడ ఇరుకు. అందువల్ల పళ్ళు అంతటా సమంగా అరగవు. పై పళ్ళకు చెంప వైపు, కింది పళ్ళకు నాలుక వైపు వాడి అంచులు మిగిలిపోతాయి. అవి చెంపను, నాలుకను కోస్తాయి. పుండ్లు పడతాయి.

గుర్తులు ఇవి

1. సగం నమిలిన గడ్డిని ఉండలుగా కింద పడేస్తుంది.
2. తల ఒక పక్కకు వంచి నములుతుంది.
3. లద్దెలో ఉలవలు నలగకుండా కనిపిస్తాయి.
4. గుర్రం చిక్కిపోతుంది. నోరు కంపు కొడుతుంది.
5. ఒక్క ముక్కులోంచే చీము కారుతుంది.

పొగరా? నొప్పా?

కళ్ళెం వేయగానే గుర్రం తల ఎగరేస్తుంది. తోలే మనిషి, "దీనికి పొగరు పట్టింది" అని కొరడా తీస్తాడు. అప్పుడు ఇల్లాలు ఒక మాట చెప్పాలి. "పొగరు కాదేమోనయ్యా. లద్దెలో ఉలవలు ఉలవలుగానే పడుతున్నాయి. డాక్టరుకు చూపిద్దాం." కొరడా దెబ్బతో పంటి నొప్పి పోదు.

వైద్యం ఎలా చేస్తారు?

పశువుల డాక్టరు ముందు మత్తు ఇంజక్షను ఇస్తారు. నోరు మూసుకోకుండా ఇనుప చట్రం పెడతారు. పొడవాటి ఆకురాయితో వాడి అంచులను రాస్తారు. ఆ అంచుల్లో నరం ఉండదు. గోరు కత్తిరించినట్టే. కానీ ఎక్కువగా రాస్తే పంటికి దెబ్బ. అందుకే తెలిసినవాళ్ళే చెయ్యాలి.

పన్ను పుచ్చితే, పగిలితే తీసేయాల్సి రావచ్చు. పూర్వం గుర్రాన్ని పడుకోబెట్టి, దవడ ఎముకకు రంధ్రం చేసి పన్నును తోసేవారు. ఇప్పుడు చాలావరకు గుర్రం నిలబడి ఉండగానే తీస్తారు. నొప్పి తెలియకుండా నరానికి మందు ఇస్తారు. పన్నును మెల్లగా కదిలించి వదులు చేస్తారు. దీనికి గంట పైనే పట్టవచ్చు. తొందరపడితే పన్ను విరిగి, ముక్క లోపలే ఉండిపోతుంది.

పన్ను తీశాక పని అయిపోలేదు. ఎదుటి పన్నుకు ఇక రాపిడి ఉండదు. అది ఆ ఖాళీలోకి పెరుగుతుంది. దాన్ని అప్పుడప్పుడు రాయిస్తూ ఉండాలి.

గుర్రానికి ధనుర్వాతం తొందరగా పట్టుకుంటుంది. దానికి టీకా ఉంది. తప్పకుండా వేయించాలి.

జబ్బు లేకపోయినా ఏడాదికి ఒకసారి డాక్టరుకు నోరు చూపించాలి. ఇంట్లో ఎవరూ గుర్రం నోట్లో చెయ్యి పెట్టకూడదు. కొరికితే వేళ్ళు పోతాయి.

మూగజీవి నొప్పిని నోటితో చెప్పలేదు. మేత దగ్గర చెబుతుంది. లద్దెలో చెబుతుంది. చూసేవాళ్ళకు అది తెలుస్తుంది.

చెప్పండి

1. గుర్రం పళ్ళకు, మన పళ్ళకు తేడా ఏమిటి?
2. లద్దె చూసి పంటి జబ్బును ఎలా కనిపెట్టవచ్చు?
3. మీ ఇంట్లో పశువు మేత మానేస్తే మీరు ముందు ఏం చూస్తారు?